మూడో నెలలో వచ్చే మనిషి



మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు మనం అనే మాటలు నాలుగైదుకు మించవు. "ఊరుకోండి." "మన చేతుల్లో ఏముంది." "పిల్లల మొహం చూసి ధైర్యం తెచ్చుకోవాలి." చివరికి లేచి చెప్పులు వేసుకుంటూ, "ఏ అవసరం వచ్చినా మొహమాటపడొద్దు, ఒక్క ఫోన్ కొట్టండి." ఈ ఆఖరి మాట మీద నాకు చాలాకాలంగా కోపం. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఫోన్ కొట్టరు. తమకేం అవసరమో వాళ్ళకే తెలియదు. తెలిసినా అడగడానికి నోరు రాదు. అన్నవాళ్ళకు ఖర్చు లేని, విన్నవాళ్ళకు లాభం లేని మాట అది.

ఈ కోపం నాకు హైదరాబాదులో పంజాగుట్ట, అమీర్‌పేటల మధ్య బతకడం వల్ల వచ్చింది. మెట్రోలో ఈ రెంటికీ ఒక్క స్టేషను దూరం. ఒక కొసన నిమ్స్ ఆసుపత్రి, దానికి కాస్త అవతల శ్మశానవాటిక. ఇంకో కొసన మైత్రీవనం, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు రోజూ ఈ రోడ్డు మీద ఎదురుపడుతూనే ఉంటారు. వాళ్ళ పక్కన నడిచే మనిషిని గమనించడం నాకు అలవాటైంది. ఓదార్పు అనేది ఇక్కడ మాట రూపంలో తక్కువగా, పని రూపంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇవాళ ఆ పని గురించే నాలుగు మాటలు.

నిమ్స్ ఒకప్పుడు ఎముకల ఆసుపత్రి. నిజాం ట్రస్టు కట్టించింది. పాత హైదరాబాదీలు బొక్కల దవాఖాన అనేవారు. ఇప్పుడు గుండె, మెదడు, కిడ్నీ, క్యాన్సర్, అన్నిటికీ జిల్లాల నుంచి ఇక్కడికే వస్తారు. గేటు బయట చాపలు, టిఫిన్ డబ్బాలు, ఎక్స్‌రే కవర్లు. రోగి లోపల ఉంటే బయట ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళలో ఒకడు గోడకానుకుని కూలబడి ఉంటాడు. ఇంకొకడు చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని బిల్లు కౌంటర్‌కీ, రక్తం బ్యాంకుకీ, జిరాక్స్ షాపుకీ తిరుగుతుంటాడు. కూలబడినవాడు చుట్టం, తిరిగేవాడు స్నేహితుడు. ఎప్పుడూ ఇంతేనని పందెం కట్టను గానీ, చాలాసార్లు ఇంతే.

మా కాలనీలో ఒక పెద్దాయన పోయాడు. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, నలుగురితో కలివిడిగా ఉండేవాడు. దహనం అయి ఇంటికొచ్చాక ఆయన ఫోన్ మోగడం మొదలైంది. కరెంటు పనివాడు, చిట్టీ ఆవిడ, ఊళ్ళో పొలం కౌలుకు చేసేవాడు, ఆసుపత్రి నుంచి చెకప్ గుర్తుచేసే అమ్మాయి. వీళ్ళెవరికీ విషయం తెలియదు. మొదటి రెండు ఫోన్లు భార్య ఎత్తింది. రెండుసార్లూ "ఆయన లేరండీ" అని చెప్పి, రెండుసార్లూ కుప్పకూలింది. అప్పుడు ఆయనతో పాటు డిపోలో పనిచేసిన స్నేహితుడు లేచి, "వదినా, ఆ ఫోన్ నాకియ్యి" అన్నాడు. ఇచ్చింది. పదకొండో రోజు దాకా ఆ ఫోన్ ఆయన జేబులోనే ఉంది. మోగినప్పుడల్లా బాల్కనీలోకి పోయి, "అన్న లేడు, మొన్న శుక్రవారం పోయిండు. మీరెవరు? ఏం పనుండె?" అని మెల్లగా అడిగేవాడు. అవతలివాళ్ళు ఏడిస్తే విన్నాడు. బాకీ ఉందంటే రాసుకున్నాడు. తనే బాకీ ఉన్నానని చెప్పినవాడిదీ రాసుకున్నాడు.

ఆయన ఆ ఇంట్లో ఒక్క ఓదార్పు మాట అనడం నేను వినలేదు. ఆమె నోటి నుంచి ఆ ఒక్క వాక్యం యాభైసార్లు రావాల్సి ఉండె. దాన్ని తన నోటి మీద వేసుకున్నాడు. ఇంతకంటే పెద్ద పరామర్శ నాకు తెలియదు.

ఆ తరువాత కాగితాలు. చావుకి ఇన్ని కాగితాలుంటాయని మనకెవరూ ముందు చెప్పరు. 1969 నాటి చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆలస్యమైతే రుసుం కట్టాలి. నెల దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పోతే ఆ వివరాలు వాళ్ళే పంపుతారు. ఇంట్లో పోతే డాక్టరు రాసిచ్చిన చీటీ, శ్మశానవాటిక ఇచ్చిన రశీదు జాగ్రత్త చేసుకోవాలి. పాడె దించిన గందరగోళంలో ఆ రశీదు ఎవడి చొక్కా జేబులోనో ఉండిపోయి, చొక్కా ఉతుక్కు పోతుంది. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చాక బ్యాంకు, ఎల్‌ఐసీ, ఫ్యామిలీ పెన్షను, గ్యాస్ కనెక్షను, కరెంటు మీటరు, బండి ఆర్‌సీ. కొన్నిచోట్ల తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒక అక్షరం తప్పు పడితే మళ్ళీ మొదటికి.

ప్రతి కౌంటర్‌లోనూ అదే ప్రశ్న: "పేషెంటుకు మీరేమవుతారు?" "ఖాతాదారుకు మీరేమవుతారు?" జవాబు చెప్పిన ప్రతిసారీ మనిషి ఇంకోసారి పోయినట్టే ఉంటుంది. అక్కడ పక్కన ఒకడుండి, ఫారం నింపి, సంతకం ఎక్కడో వేలుపెట్టి చూపించి, "టీ తాగి వద్దాం పద" అంటే ఆ రోజు గడుస్తుంది. స్నేహం మీద మన కవులు చాలా రాశారు గానీ, మీసేవ క్యూలో నిలబడే స్నేహితుడి మీద ఎవరూ రాసినట్టు లేదు.

పంజాగుట్టలో ఇంతకంటే కష్టమైన కాగితం ఇంకొకటుంది. అవయవదానం సమ్మతి పత్రం. మన రాష్ట్రంలో మరణించినవారి నుంచి అవయవాల సేకరణ అంతా జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద జరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైంది. దాని కార్యాలయం నిమ్స్‌లోనే. సాధారణంగా ఏమవుతుందంటే, రోడ్డు ప్రమాదంలోనో, మెదడులో నరం చిట్లో ఒక మనిషి బ్రెయిన్ డెడ్ అవుతాడు. వెంటిలేటర్ మీద ఛాతీ లేచిపడుతూ ఉంటుంది. గుండె కొట్టుకుంటూ ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. డాక్టర్లు మాత్రం పోయాడంటారు. ఏ తల్లి నమ్ముతుంది? అందుకే 1994 అవయవ మార్పిడి చట్టంలో కట్టుదిట్టమైన నియమాలు పెట్టారు. నలుగురు డాక్టర్ల బృందం పరీక్షించాలి. కనీసం ఆరు గంటలాగి మళ్ళీ అవే పరీక్షలు చేయాలి. రెండుసార్లూ అదే తేలితేనే మరణం.

ఆ ఆరు గంటలు ఆ కుటుంబం ఎలా గడుపుతుందో ఒక్కసారి ఆలోచించండి. కోఆర్డినేటర్ వచ్చి నెమ్మదిగా విషయం చెబుతారు. వినే స్థితిలో ఎవరూ ఉండరు. అప్పుడు ఎవరో ఒక బావమరిదో, పక్కింటాయనో, చదువుకున్నప్పటి స్నేహితుడో ముందుకొచ్చి, ఇంటివాళ్ళు అడగలేని ప్రశ్నలు అడుగుతాడు. కుట్లు పైకి కనబడతాయా? శరీరం ఎన్నింటికి ఇస్తారు? పోలీసు పంచనామా, పోస్ట్‌మార్టం ఎప్పుడు? ఊళ్ళో దహనానికి రేపు సాయంత్రానికి చేరగలమా? ఇవి చిల్లర ప్రశ్నల్లా వినబడతాయి. వీటికి జవాబు దొరికితే తప్ప పెద్ద ప్రశ్నకు జవాబు రాదు. ఒక దాత నుంచి రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, రెండు ఊపిరితిత్తులు, ప్యాంక్రియాస్, పేగు, ఇలా ఎనిమిది దాకా అవయవాలు తీసుకోవచ్చు. కొందరు సరేనంటారు, కొందరు వద్దంటారు. వద్దన్నవాళ్ళని తప్పుపట్టే హక్కు బయట నిలబడ్డ మనకు లేదు.

2021 ఫిబ్రవరి 2న ఒక రైతు కుటుంబం సరేనంది. ఎల్‌బీ నగర్‌లోని ఆసుపత్రి నుంచి ఆయన గుండెను జూబ్లీహిల్స్ అపోలోకు చేర్చాలి. బయటికి తీసిన గుండెకు గడువు నాలుగు నుంచి ఆరు గంటలు. మధ్యలో హైదరాబాద్ ట్రాఫిక్. అప్పుడు మెట్రోవాళ్ళు ఒక ప్రత్యేక రైలు నడిపారు. నాగోలు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా 21 కిలోమీటర్లు, ఏ స్టేషన్లోనూ ఆగకుండా అరగంటలోపే వచ్చేసింది. అపోలోలో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం సిద్ధంగా ఉంది. ఆ రైలు అమీర్‌పేట మీదుగానే పోయింది. అమీర్‌పేట అంటే రెండు లైన్లు కలిసేచోటు. ప్రతి బండీ ఆగుతుంది, సగం జనం దిగి ఇంకో బండి ఎక్కుతారు. ఆ ఒక్క బండి మాత్రం ఆగలేదు. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్ళలో ఎంతమందికి అందులో ఏముందో తెలుసుంటుంది?

ఇక్కడ ఒక మాట. అవయవాలు ఇచ్చినందువల్ల దుఃఖం తగ్గుతుందని ఎవరైనా సభల్లో అంటే అంత తేలిగ్గా నమ్మకండి. శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, ఇంటికొస్తే మంచం ఖాళీగానే ఉంటుంది. ఆ గుండె ఎవరిలో ఉందో మామూలుగా చెప్పరు కూడా. ఆ కుటుంబానికి మిగిలేది, తాము మంచి పనే చేశామా అన్న సందేహం అర్ధరాత్రి వచ్చినప్పుడు, "మంచి పనే చేశాం, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాగా" అని చెప్పగల సాక్షి ఒకడు. స్నేహితుడు చాలాసార్లు సాక్షి.

అమీర్‌పేట ఆసుపత్రి అంటే నాకు 2023 ఆగస్టు 6 గుర్తొస్తుంది. ఆ రోజు ఆదివారం, ఆగస్టులో మొదటి ఆదివారం. కుర్రకారు స్నేహితుల దినం అని చేతులకు బ్యాండ్లు కట్టుకునే రోజు. మధ్యాహ్నం వేళ గద్దర్ ఇక్కడి అపోలో స్పెక్ట్రాలో కన్నుమూశాడు. గుండె ఆపరేషన్ అయిన మూడు రోజులకు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు, 1997లో తూటాలు తగిలాక ఒక తూటాను వెన్నులోనే మోస్తూ పాతికేళ్ళకు పైగా పాడినవాడు. భౌతికకాయాన్ని ఎల్‌బీ స్టేడియంలో ఉంచారు. మర్నాడు అల్వాల్‌కు అంతిమయాత్ర. ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఖననం.

ఆ యాత్రలో సియాసత్ ఉర్దూ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ ఉన్నారు. గద్దర్‌కు ప్రాణమిత్రుడు. ఒకరు తెలుగు పాట, ఒకరు ఉర్దూ పత్రిక. తెలంగాణ ఉద్యమ వేదికల మీదా, బయటా ఒకరికొకరు. అల్వాల్ చేరేసరికి జనం తోపులాటలో ఆయన కుప్పకూలారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే గుండె ఆగిపోయింది. మిత్రుణ్ణి సాగనంపడానికి వెళ్ళిన మనిషి అదే రోజు తనే వెళ్ళిపోయాడు.

ఈ సంగతి చెబితే వినేవాళ్ళంతా "ఆహా, ఎంత స్నేహం" అంటారు. నాకు అలా అనబుద్ధి కాదు. దాన్ని అందమైన కథగా మార్చడం ఆయన ఇంటివాళ్ళకు అన్యాయం. నేను అందులో చూసేది వేరే. అంత పెద్దమనిషి, పత్రికలో నాలుగు కాలమ్‌ల నివాళి రాసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆగస్టు ఉక్కలో, ఆ జనంలో, చివరిదాకా వెంట నడిచే పని నెత్తిన వేసుకున్నాడు.

మన పెద్దలకు ఈ పని సంగతి బాగా తెలుసు. తెలంగాణ పల్లెల్లో మనిషి పోయాక మూడో రోజు పిట్టకు పెడతారు, ఐదో రోజు, పదకొండో రోజు అని లెక్కలుంటాయి. కర్మ అయిపోయాక చుట్టాలు వచ్చి, పోయిన ఇంటివాళ్ళను నిద్రకు తీసుకుపోతారు. అంటే తమ ఇంటికి తీసుకెళ్ళి, వండిపెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. ఆ ఇంటి గోడల నడుమ నిద్ర పట్టదని తెలిసిన మనుషులు పెట్టిన ఆచారం. 2023లో వచ్చిన బలగం సినిమాను ఊళ్ళల్లో తెర కట్టి జనం కలిసి కూర్చుని చూశారంటే, ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఏడ్చారంటే, వాళ్ళు చూసింది అందులో పెట్టిన ముద్ద ముట్టని కాకిని కాదు, ఆ పదకొండు రోజుల పనిని.

పట్నంలో ఏమైంది? పదకొండు రోజులు కుదించి అయిదు చేశాం, అయిదుని ఒక్క ఆదివారం చేశాం. కేటరింగ్ వాడొచ్చి వడ్డించి పోతాడు. నిద్రకు తీసుకుపోయే మేనమామ అమెరికాలో ఉంటాడు. నేను దీనికి ఏడవడం లేదు, బతుకులు అలా మారాయి. నిద్రకు పిలిచే పని ఎవరిదో తేలకుండా ఉండిపోయింది, అంతే. అది స్నేహితులు అందుకోవాలి. చాలామంది మొదటి వారం వస్తారు, ఇల్లు నిండిపోతుంది, కుర్చీలు చాలవు. రెండో నెలకు ఎవరూ ఉండరు. అసలు దుఃఖం ఇంటికి వచ్చేది అప్పుడే. కాగితాలన్నీ అయిపోయాక, కొడుకు ఉద్యోగానికి వెళ్ళిపోయాక, సాయంత్రం ఆరింటికి కాఫీ ఒక్క కప్పే కలుపుకోవాల్సి వచ్చినప్పుడు. మూడో నెలలో ఏ కారణమూ లేకుండా తలుపు కొట్టే మనిషి కావాలి.

వచ్చి ఏం మాట్లాడాలి అని అడుగుతారు. పోయినవాళ్ళ పేరెత్తండి. ఏడుస్తారేమోనని మనం ఆ పేరు తప్పించి సినిమాలూ, రాజకీయాలూ మాట్లాడతాం. వాళ్ళకేమో లోకమంతా కలిసి తమ మనిషిని చెరిపేసినట్టుంటుంది. పోయినదాని పేరు పలకడం మనకు తెలియంది కాదు. అమీర్‌పేటలో సత్యం థియేటర్ పోయింది. ఆ చోట 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది, ధగధగలాడే బోర్డుతో. అయినా ఆటో ఎక్కిన పాతవాళ్ళు "సత్యం థియేటర్ కాడ ఆపు" అనే అంటారు. కొత్త హాల్లో సినిమా చూడటానికి పోతూ పాత పేరుతోనే పోతారు. వాళ్ళకు ఆ రెంటి మధ్యా పేచీ లేదు.

ఇక హాస్టళ్ళ అమీర్‌పేట. ఇక్కడ పోయేది మనుషులు మాత్రమే కాదు. ఉద్యోగం పోయి వచ్చినవాడుంటాడు, పెళ్ళి విడిపోయి మళ్ళీ చదువు మొదలుపెట్టిన అమ్మాయి ఉంటుంది, తండ్రి పోయాక చెల్లెలి ఫీజు కోసం టెస్టింగ్ కోర్సులో చేరిన డిగ్రీ కుర్రాడుంటాడు. శ్రీకాకుళం, ఖమ్మం, అనంతపురం నుంచి వచ్చి నలుగురు ఒక గదిలో సర్దుకుంటారు. ఇక్కడి స్నేహాలకు పునాది అభిరుచులు కావు, మంచం పక్క మంచం పడటం. ఒకడి బయోడేటా ఇంకొకడు దిద్దుతాడు. ఉన్న ఒక్క ఫార్మల్ చొక్కా ఇంటర్వ్యూ ఎవరిదైతే వాడిది. ఫలానా కంపెనీలో ఓపెనింగ్ ఉందని తెలిస్తే, తను అప్లై చేసిందే అయినా పక్కవాడికి చెబుతాడు. ఇది చిన్న సంగతి కాదు.

2020 మార్చి 25న శార్వరి ఉగాది. ముందురోజు రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు, మెస్సులు మూతపడ్డాయి. పండగపూట వేలమంది పిల్లలు బ్యాగులతో ఎస్సార్ నగర్, పంజాగుట్ట పోలీసు స్టేషన్ల ముందు ఊరికి పోయే అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. పత్రం దొరికి బండి కట్టుకుని పోయినవాళ్ళలో చాలామందిని ఆంధ్రా సరిహద్దులో ఆపేశారు. హాస్టళ్ళు ఖాళీ చేయించొద్దని ఆ తర్వాత ప్రభుత్వం చెప్పింది. సరిహద్దు దగ్గర రోడ్డు మీద ఆ రాత్రి గడిపిన పిల్లల్ని ఎవరినైనా కదిపి చూడండి. ప్రభుత్వాల గురించి రెండు మాటలంటారు, పక్కన బిస్కెట్ ప్యాకెట్ పంచుకున్నవాడి గురించి అరగంట చెబుతారు.

ఆ స్నేహాలు నిలిచాయా అంటే, చాలావరకు నిలవలేదు. ఉద్యోగం వచ్చినవాడు గచ్చిబౌలికో, బెంగుళూరుకో మారతాడు. వాట్సాప్ గ్రూపులో ఏడాది పాటు పుట్టినరోజు కేకులు, ఆ తర్వాత సంక్రాంతి ఫార్వర్డులు, ఆ తర్వాత ఏమీ ఉండదు. దీన్ని కొందరు ద్రోహంలా బాధపడతారు. నాకు అలా అనిపించదు. ఆ స్నేహం తన పని చేసి వెళ్ళింది. ప్రతి స్నేహమూ బాపు, ముళ్ళపూడిలది కానక్కర్లేదు. ఆరు నెలలు నిన్ను నిలబెట్టినవాడు ఏడో నెల నుంచి కనబడకపోయినా, ఆ ఆరు నెలలు అబద్ధం కావు. నువ్వు ఖాళీ చేసిన మంచం మీదికి ఇంకో కుర్రాడు వస్తాడు. పాత బ్యాచ్ వదిలిన జిరాక్స్ నోట్సు వాడికి పనికొస్తుంది. ముందుకు సాగడం అంటే ఇక్కడ బకెట్టూ మగ్గూ పక్కవాడికిచ్చి గది ఖాళీ చేయడమే.

కానీ గదిలో నలుగురున్నా ఒంటరిగా ఉండేవాడు ఒకడుంటాడు. మెస్సుకు రాడు, క్లాసుకు పోడు, పగలంతా దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఇంటికి మాత్రం "బాగున్నా అమ్మా" అని చెబుతాడు. అలాంటివాడికి ధైర్యవచనాలు వద్దు, ముందు ప్లేటులో అన్నం తెచ్చివ్వండి. ఏమైందిరా అని అడగండి, జవాబు వచ్చేదాకా కూర్చోండి. వాడి మాటల్లో బతకాలని లేదన్న ధ్వని వినబడితే ఒక్కణ్ణీ వదలొద్దు. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సహాయకేంద్రం ఉంది. నంబరు 14416. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వాడికి చేతులాడకపోతే రూమ్మేటే నొక్కి చేతికివ్వొచ్చు.